మన అరసున్న గోండుల నోట నున్నది

మన పట్టణములలో నొక మాట వాడుకలో నున్నది. ఎదుటివాని పలుకు అర్థము కానప్పుడు, లేక అర్థము చేసికొనుటకు మన కోపిక లేనప్పుడు, “ఏమి కోయభాషరా యిది!” యని నవ్వుదుము. నాటకములలోను, తరువాత సినిమాలలోను, ఒక హాస్యగానికి నెమలియీకలు కట్టి, నోటికి వచ్చిన ధ్వనులు పలికించి, అదియే కోయవాని భాష యని చూపగా సభ యంతయు పగులబడి నవ్వినది. చదువుకొన్నవారు, పఠనమందిరములకు వచ్చి లోకవార్తలు తర్కించువారు, మాతృభాషాభిమానమును గూర్చి వేదికలెక్కి గంటల కొలది ప్రసంగించువారు సయితము ఈ నవ్వులో గొంతు కలుపుచున్నారు. మేమీ నవ్వును ప్రశ్నింపదలచితిమి. దయాధర్మముల పేరిట కాదు; అడవిబిడ్డల యెడల జాలి చూపుడని వేడుకొనుటకును కాదు. ఈ నవ్వు అజ్ఞానమువలన పుట్టినదనియు, నవ్వువాడు తన తోబుట్టువును జూచియే నవ్వుచున్నాడనియు చూపుట మా యుద్దేశము.

అరసున్నతో ప్రారంభింతము. ఒకప్పుడు తెలుగు బడిలో చదివిన ప్రతి బాలుడును ఈ సున్నచేత దెబ్బలు తిన్నవాడే. ‘ఏడు’ అనగా ఆఱు తరువాతి సంఖ్య. ‘ఏఁడు’ అనగా సంవత్సరము. ‘మూఁడు’న సున్న యుండవలెను, ‘వాఁడు’న నుండవలెను, ‘ఏడు’న నుండరాదు. ఎందుకని యడిగినచో పంతులుగారు బెత్తము చూపెడివారు. నోటిలో లేని ధ్వనికి కాగితముపై గుర్తెందుకని బాలుని సందేహము. అది న్యాయమైన సందేహమే. ఈ పుటలో మేమును దానిని విడిచియే వ్రాయుచున్నాము. కాని ఆ గుర్తు పండితులు కల్పించిన వేడుక కాదు. అచ్చట నొకప్పుడు నిండుసున్న యుండెను. దీర్ఘాచ్చు తరువాత నున్న ఆ యనునాసికము మన పూర్వుల నోట క్రమముగా పలుచబడి తుదకు లేకపోయినది. హ్రస్వము తరువాతిది నిలిచినది. అందుచేతనే ‘రెండు’, ‘పండు’, ‘ఎండ’ అను మాటలలో సున్న నేటికిని నిండుగా మ్రోగుచున్నది. ‘మూండు’ మాత్రము ‘మూఁడు’ అయి, ‘మూడు’ అయినది. తమిళులు సంవత్సరమును ‘ఆండు’ అందురు, సంఖ్యను ‘ఏళు’ అందురు. మన ‘ఏఁడు’నకు సున్న యెందుకో, ‘ఏడు’నకు ఎందుకు లేదో ఈ రెండు మాటలు చెప్పివేయును.

ఇప్పుడు ఆదిలాబాదు అడవులకు పొండు. అచ్చటి గోండును మూడు నేమందువని యడుగుడు. అతడు ‘మూండ్’ అనును. ఆ యడవులలోనే యున్న కొలాము ‘మూందింగ్’ అనును. ఒడిసా కొండలలోని కుయివాడు ‘మూంజి’ అనును. అరకు ప్రాంతపు కొండదొర, తన భాష మఱచిపోనివాడైనచో, ‘మూన్ఱి’ అనును. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమున సూత్రములు కట్టి కాపాడదలచిన ఆ సున్నను, మన పండితులు సిరాలో మాత్రమే నిలుపుకొన్న ఆ సున్నను, గోండుల తల్లులు బిడ్డలకు ఉగ్గుపాలతో పోయుచున్నారు. నవ్వదగినవారెవరు?

ఇంకొకటి చెప్పెదము. ‘వాడు’ అను మాటకు మన ప్రాచీన శాసనములలో ‘వాన్ఱు’ అను రూపము కలదు. ఱాతిపై చెక్కిన ఆ యక్షరములను చదువుటకు శాసనపరిశోధకులు కన్నులు చిల్లులు చేసికొనిరి. కొండభాషలో నేటికిని ‘వాడు’ అనుటకు ‘వాన్ఱు’ అనియే యందురు. ఱకారమును రకారముతో కలిపివేయక వేఱుగా పలుకుట యా భాషలో నిలిచియున్నది. మన నోటికా భేదము పోయి శతాబ్దములు గడచినవి. ‘ఏఱు’ నదియనియు ‘ఏరు’ నాగలియనియు నిఘంటువు చూచి తెలిసికొనవలసిన వారమైతిమి. శాసనములను పురావస్తుశాలలో గాజుపలకల నడుమ నుంచి ప్రదక్షిణము చేయు మనము, ఆ శాసనమున నున్న మాటను నోట పెట్టుకొని సంతకు వచ్చిన మనిషిని జూచి ముక్కున వేలు వేసికొందుము!

ఈ బంధుత్వము మా యూహ కాదు. తెలుగు సంస్కృతమునుండి పుట్టలేదని తొలుత నిరూపించినవాడు చెన్నపట్టణపు కలెక్టరు ఎల్లిస్. 1816లో అచ్చయిన కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో నతడు తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన నిలిపి ఇవి యొక కుటుంబము వారని చూపెను. అంతకు పూర్వము కేరీ మొదలగు దొరలు తెలుగు సంస్కృతపు బిడ్డ యని తలచిరి. తత్సమముల రాశిని జూచి మోసపోయిరి. గమనింపదగిన విషయ మేమనగా, ఆ మొదటి నిరూపణముననే ఎల్లిస్ రాజమహలు కొండలవారి భాషలోను తెలుగు తమిళముల మాటలు కలవని పేర్కొనెను. కొండలవారు ఈ వంశవృక్షమున తరువాత అతికింపబడినవారు కారు. మొదటి పుటనుండియు నున్నారు. 1856లో కాల్డ్వెల్ ఈ కుటుంబమునకు పెద్ద వ్యాకరణము వ్రాసెను. అయినను చిరకాలము తెలుగును తమిళ కన్నడముల పీటమీదనే కూర్చుండబెట్టిరి. ఒంగోలున పుట్టిన మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు క్రియాధాతువులను మూలమంట శోధించి 1961లో ప్రకటించిన గ్రంథమునను, పిమ్మటి రచనలలోను, తెలుగు తోబుట్టువులు గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలని తేల్చిరి. తమిళ కన్నడములు పెదతండ్రి బిడ్డలు. గోండి, కుయి ఒక తల్లి బిడ్డలు.

దేనినిబట్టి తేల్చిరి? ధ్వనులు మాఱిన తీరునుబట్టి. తమిళుడు ‘ఇరండు’ అనును, కన్నడిగుడు ‘ఎరడు’ అనును. మనము మొదటి యచ్చును జార్చి, రేఫను ముందునకు దెచ్చి ‘రెండు’ అందుము. గోండు ‘రండ్’, కొండదొర ‘రుండి’, కుయివాడు ‘రీ’ అందురు. తమిళుల ‘అవన్’ మనకు ‘వాఁడు’, కొండభాషలో ‘వాన్ఱు’. తమిళుల ‘మరం’ మనకు ‘మ్రాను’. కుయి భాషలోను చెట్టుపేరు ‘మ్ర’ తోనే మొదలగును. మాటల మొదట రేఫ లకారములను, జంటహల్లులను నిలుపు నలవాటు తమిళ కన్నడములకు లేదు. ఒక యింటిలో పెరిగిన పిల్లలకే యుండు పోలిక యిది.

ఇచ్చట నొక పండితుడు లేచి, “సరే, బంధువులే యగుదురు గాక; వారు మాటలను విఱిచి, మింగి, పాడుచేసిరి గదా!” యనును. ఇదియే మేము ముఖ్యముగా ఖండింపవలసిన మాట. పండితుడు ‘రాయు’ అనుట భ్రష్టమనియు ‘వ్రాయు’ అనుట సాధువనియు అనును. మేమును ‘వ్రాయు’ అనియే వ్రాయుచున్నాము. అది మా పత్రిక మర్యాద. కాని తమిళమున ‘వరై’ అను ధాతువు కలదు. గీయుట, వ్రాయుట దాని యర్థము. ఆ మూలరూపపు నడుమనున్న రేఫను మన పూర్వులు ముందునకు లాగి ‘వ్రాయు’ చేసిరి. పండితుడు కాపాడుచున్నది యొకనాటి ‘భ్రష్టరూపమే’! ‘క్రొత్త’ ‘కొత్త’ యైనది, ‘ప్రాత’ ‘పాత’ యైనది. ‘ప్రాత’ సయితము తమిళుల ‘పళ’నుండి చూచిన తలక్రిందులైన రూపమే. ఏ మెట్టుమీద నిలిచి క్రిందివానిని పతితుడనవలెను?

మింగుట మాటకు వత్తము. గోండు ఆఱును ‘సారుంగ్’ అనును, అయిదును ‘సైయుంగ్’ అనును. ఆ మొదటి హల్లు మూలద్రావిడమున నుండినదే. తెలుగువారును తమిళులును దానిని పూర్తిగా మింగి ‘ఆఱు’, ‘అయిదు’ అనుచున్నారు. ఉప్పును గోండులు ఒకచోట ‘సోవర్’ అనియు, ఒకచోట ‘హోవర్’ అనియు, మఱియొకచోట ‘ఓవర్’ అనియు అందురు. మొదట సకారము, పిదప హకారము, పిదప శూన్యము. మన ‘ఉప్పు’ ఎన్నడో ఆ శూన్యమునకు చేరినది. గోండి మాండలికములలో నీ మార్పు ఒక్కొక్క మాటగా, ఒక్కొక్క సీమగా ఎట్లు నడచినదో కృష్ణమూర్తిగారు 1998లో పటములతో వివరించి, మాటవెంట మాటగా నడచినను తుదకది నియమబద్ధమే యగుచున్నదని చూపిరి.

ఈ సకార హకార శూన్యముల వరుసను వినిన చదువరికి మఱియొక మాట స్ఫురింపలేదా? మన నది సింధువు. పారసీకుల నోట సకారము హకారమగుట నియమము. మన ‘సప్త’ వారికి ‘హప్త’. కాబట్టి ‘సింధు’ వారికి ‘హిందు’ అయినది. యవనులలో కొందఱు ఆ హకారమును కూడ విడిచి ‘ఇందోస్’ అనిరి. దానినుండి ‘ఇండియా’ వచ్చినది. ‘హిందూదేశ’మని గర్వించి యెలుగెత్తువాడును, ‘ఇండియా’ యని యంతర్జాతీయసభలలో పలుకువాడును, గోండులు ఉప్పునకు చేసినదానినే సింధువునకు చేసిన పరుల యుచ్చారణమును నెత్తిన పెట్టుకొన్నవారు. దేశము పేరు మీద నిది సొగసుగాను, ఉప్పు పేరు మీద నది యడవితనముగాను కనబడుటకు కారణమేమో మాకు బోధపడదు.

ధ్వని మాఱుట రోగము కాదు, నియమము కలది. గ్రిమ్ 1822లో దీనిని జర్మను భాషలకు చూపెను. సంస్కృతమున ‘పితృ’, ‘పాద’ అని పకారమున్నచోట ఇంగ్లీషున ‘ఫాదర్’, ‘ఫుట్’ అని ఫకారముండును. ఒక మాటలో మాఱి మఱియొక మాటలో మాఱకున్న నది భ్రష్టత్వము కావచ్చును. అట్టి మాటలన్నిటను ఒకే తీరున మాఱిన నది చట్టము. లైప్‌సిగ్ పండితులు 1878లో ధ్వనినియమములకు మినహాయింపు లేదనియే ప్రకటించిరి. అంత పట్టుదల కూడదని తరువాతివా రనిరి. కాని పునాది కదలలేదు. కన్నడిగులు మన ‘పాలు’ను ‘హాలు’ అనిరి, ‘పులి’ని ‘హులి’ అనిరి. వారి పకారము పదములమొదట సుమారు వెయ్యేండ్ల క్రిందటినుండి జారుట మొదలిడినది. కన్నడము పాడైపోయినదని యెవడైన బళ్లారిలో నిలిచి యనగలడా? గోండులు చేతిని ‘కై’ అందురు. తమిళులు అదే యందురు. మనము ‘చేయి’ అందుము. ఇఈఎఏల ముందు కకారమును చకారము చేసినది మనము. కన్నడిగుల ‘కివి’ మనకు ‘చెవి’ యైనదీ చట్టముచేతనే. కొలబద్ద యొకటే యైనచో మనమే ముందు కొలువబడవలెను.

ఇంక నింకొక వాదము కలదు. ఇది మెత్తనిది గనుక మఱింత ప్రమాదకరము. “వారి వాక్యము మన వాక్యమువలెనే నడచును. కర్త ముందు, కర్మ నడుమ, క్రియ చివర. మాటలు సగము మనవే. కావున నది వేఱు భాష యేల? తెలుగునకే యొక మోటురూపు. బిడ్డలను తెలుగుబడిలో కూర్చుండబెట్టిన నదియే సర్దుకొనును” అందురు. అధికారులనుండియు నిది విన్నాము, విద్యావంతులనుండియు విన్నాము.

వాక్యమున పదముల వరుస యొకటియైనంత మాత్రమున భాష యొకటి కాదు, బంధుత్వమును సిద్ధింపదు. సవర భాషను చూడుడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుండి, ఊరివారి యెగతాళిని లెక్కింపక, సవరలను ఇంట నుంచుకొని ఆ భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. సవరభాషలో క్రియ మనకువలెనే చివర వచ్చును. కాని సవర మన కుటుంబము కాదు. దాని చుట్టములు ఖాసీ, ఖ్మేరు, వియత్నాము భాషలు. అచ్చట క్రియ కర్తకును కర్మకును నడుమ వచ్చును. తూర్పుచుట్టముల నుండి విడివడి యీ దేశమున మన యిరుగుపొరుగున వేలయేండ్లు బ్రదికిన శాఖ యిప్పుడు మన వరుసలోనే వాక్యము కట్టుచున్నది. హైదరాబాదు వీథులలోని దక్కనీ సంగతియు నట్టిదే. ఉత్తరదేశపువాడు ‘అతడు చెప్పెను’ అని ముందు చెప్పి, ‘కి’ యని పెట్టి, చెప్పిన మాట వెనుక చెప్పును. చార్మినారు చెంత నున్నవాడు ‘ఆతూ బోల్కే బోల్యా’ యనును. అది మన ‘వచ్చెదనని చెప్పెను’; ‘అని’ యున్నచోట ‘బోల్కే’ యున్నది. అంతమాత్రమున దక్కనీ తెలుగైనదా? ఎమెనో పండితుడు 1956లో భారతదేశమంతయు నొక భాషామండలమని చెప్పినది యిందుకే. వాక్యపు వరుస పొరుగువారివలన అబ్బును; ధ్వనినియమము తల్లివలన వచ్చును. మొదటిదానిని జూచి యింటిపేరు నిర్ణయింపరాదు.

వరుసను గూర్చి యింకొక మాట, ప్రసక్తి వచ్చినది గనుక. దొరల పాఠశాలలలో చదివిన మనవారిలో కొందఱికి తెలుగువాక్యము తలక్రిందులుగా నున్నదను భ్రమ యింకను పోలేదు. గ్రీన్‌బర్గ్ అను నమెరికా పండితుడు 1963లో ముప్పది భాషలను పోల్చి చూచెను. క్రియ చివర వచ్చు భాషలలో సంబంధమును తెలుపు పదము నామము వెనుక వచ్చుట మిక్కుటమని యతడు కనుగొనెను. మనము ‘బల్ల మీద’ అందుము, ఇంగ్లీషువాడు ‘మీద బల్ల’ యనును. రెండును తమతమ కట్టడమునకు తగినవే. పారసీకము వంటి మినహాయింపులు లేకపోలేదు. ఇది ధ్వనినియమమంత గట్టి చట్టము కాదు. ఇంగ్లీషు వరుస మాత్ర మనాది యనుకొనుట వెఱ్ఱి. వెయ్యేండ్ల క్రిందటి ఇంగ్లీషున నామములకు విభక్తిప్రత్యయములుండెను, పదములు తఱచుగా స్థానములు మాఱుచుండెను, క్రియ చివరకును పోవుచుండెను. మాట మొదట ఊనిక పడుటచే చివరి యచ్చులు నలిగి రాలిపోయినవి. ప్రత్యయములును వానితో రాలినవి. ఎవడు కొట్టెనో యెవడు దెబ్బతినెనో తెలియుటకు వరుసయే గతి యైనది. అనగా వారి గొప్ప వరుస నోటిలో ధ్వనులు ‘మింగుట’ వలననే చాలవఱకు స్థిరపడినది. మింగినవాడు దొరయైన వికాసము, గోండైన వికారము!

కావున గోండి, కుయి, కొండ భాషలు తెలుగునకు మోటురూపులు కావు. గోండిని మాతృభాషగా 2011 జనాభాలెక్కలలో దాదాపు 30 లక్షలమంది వ్రాయించుకొనిరి. కుయిని 9 లక్షలకు పైగా. రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలున 22 భాషలున్నవి. 30 లక్షలవారి గోండికి అందు చోటు లేదు. లిపి లేని భాషకు చోటేమని యనువారు ఆదిలాబాదు సీమలోని గుంజాల గ్రామమున దొరకిన వ్రాతప్రతులను గూర్చి వినలేదు కాబోలు. ఆ గోండి లిపికి 2018లో యూనికోడున స్థానము లభించినది. యంత్రములు గుర్తించినవి, మనుష్యులే గుర్తింపవలసియున్నది.

ఇట్టి భాషలకు బడిలో తావిచ్చిన జాతీయైక్యము చెడునని కొందఱి భయము. మేము జాతీయవాదులము, ఆ భయమును తేలికగా త్రోసివేయము. కాని మనమే చెన్నపట్టణమున మనపై నితరుల యాధిక్యము నోర్వక మన భాషకొక రాష్ట్రము కావలెనని పోరాడితిమి; 1952లో పొట్టి శ్రీరాములు ప్రాణమర్పించిరి; 1953లో ఆంధ్రరాష్ట్రము వచ్చినది. దానివలన దేశము చీలలేదు. తల్లిభాష తనకు హక్కనియు, తమ్మునికి ముప్పనియు చెప్పుట జాతీయత కాదు, పెత్తనము. జోడేఘాటున 1940లో నిజాము పోలీసుల తుపాకులకు బలియైన కొమురం భీముని విగ్రహములకు మనము దండలు వేయుచున్నాము, జిల్లాకాయన పేరు పెట్టుకొన్నాము. ఆయన తల్లి ఆయనకు లెక్క నేర్పినప్పుడు మూడింటికి ఏ మాట చెప్పినదో దండ వేసినవారిలో నెందఱకు తెలియును?

రాజ్యాంగమున 1956లో చేర్చిన 350 ఏ అధికరణము, భాషాపరముగా అల్పసంఖ్యాకులైన వారి బిడ్డలకు ప్రాథమికవిద్య మాతృభాషలో చెప్పుటకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రముల నాదేశించుచున్నది. 2000 తరువాతి దశకమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కొన్ని గిరిజన భాషలలో వాచకములు వేయించి పాఠములు ప్రారంభించినది; అది మంచి పనియే. కాని వాచకము అచ్చు వేయుటతో పని తీఱదు. ఆ వాచకము పట్టుకొని బడికి పోవు ఉపాధ్యాయునకు భాష రావలెను. వచ్చినవానిని అచ్చటనే నిలుపవలెను. బిడ్డ ‘సారుంగ్’ అనినప్పుడు ‘ఆఱు’ అని దిద్ది కొట్టని మనసతనికి శిక్షణలోనే కలిగింపవలెను. మన్యపు బదిలీని శిక్షగా తలచు ఉద్యోగివలన నీ పని కాదు. గోండి, కుయి, కొండ భాషలు తల్లివద్ద నేర్చిన యువకులు, యువతులు చదువుకొన్నవారు కలరు. ఉపాధ్యాయపదవులలో వారికి ముందు చోటియ్యవలెను.

పట్టణపు బడులకును పని కలదు. వ్యాకరణమున అరసున్నను గూర్చి చెప్పునప్పుడు నల్లబల్లపై ‘మూఁడు’ పక్కన గోండుల ‘మూండ్’ వ్రాసి చూపవలెను. ‘వాఁడు’ పక్కన కొండభాష ‘వాన్ఱు’ వ్రాయవలెను. దీనికి పాఠ్యపుస్తకసంఘము సమావేశము కానక్కఱలేదు, ప్రభుత్వోత్తరువు రానక్కఱలేదు. వచ్చు జూనులో బడులు తెఱచిననాడే తెలుగు పంతుళ్లు మొదలిడవచ్చును.